టార్చిలైటు ఆధారం కాదు

ఆ పని మీద నాకు రోత పుట్టి ఏడాది దాటింది. అయినా రేపల్లె ప్యాసింజరు కూత వినబడితే చాలు, ఇప్పటికీ లేచి కిటికీలు మూస్తాను. మా ఇల్లు తెనాలిలో పట్టాల పక్కనే. కిటికీలు మూసుకున్నా వినబడుతుంది.

సోషల్ టీచరుగా రిటైరయ్యాక ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. తోటి టీచరొకామె ఫోనులో చూపించింది. తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం ఉంది, ఇంటర్నెట్లో ఎవరైనా రాయొచ్చు, జీతం లేదు, పేరు పడదు, జనం కోసం ఊరికే చేసే పని అంది. నాకు నచ్చింది. మా వైపు రైల్వే స్టేషన్ల గురించి అందులో రెండేసి లైన్లు కూడా లేవు. సరే, నేను రాస్తాను అనుకున్నాను. ఆ అనుకోవడమే నా పొరపాటు.

రైళ్ళ పేజీలు చూసే గుంపొకటి అప్పటికే ఉంది. అరడజను మందిమి. బాపట్లలో ఒక బ్యాంకు ఉద్యోగి దానికి పెద్దదిక్కు. పెద్దమనిషే, కాదనను. నెలకో ఆదివారం ఒక లైను పట్టుకుని బయలుదేరేవాళ్ళం. స్టేషన్లో దిగడం, పసుపు బోర్డు ఫోటో తీయడం, సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తని దాని మీద ఉందో రాసుకోవడం, ప్లాట్‌ఫారాలు లెక్కపెట్టడం, ఆపైన తరువాతి బండి దాకా అక్కడే పడిగాపులు. వేమూరులో పూలబుట్ట దించుకుని కూర్చున్న ఒకామె మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏంటమ్మా, స్టేషను గానీ అమ్మేస్తున్నారా?" అని అడిగింది. అందరం పడీ పడీ నవ్వాం. ఆ రోజులు బాగానే ఉండేవి. అబద్ధమెందుకు?

రోత మెల్లగా మొదలైంది. ఎవరు ఎన్ని మార్పులు చేశారో ఆ సర్వస్వమే లెక్క చూపిస్తుంది. ఇక చూడండి, ఒకరు పెట్టిన కామా ఇంకొకరు తీయడం, తీసినదాన్ని మూడోవారు మళ్ళీ పెట్టడం, ముగ్గురికీ తలా ఒక మార్పు లెక్కలో పడటం! రేపల్లె బండి పెట్టెల రంగు నీలమా, ముదురు నీలమా అని పద్దెనిమిది రోజులు కొట్టుకున్నారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు. "బండి చూసి రాయొచ్చుగా?" అన్నాను. చూసి రాయకూడదట, ఎక్కడో అచ్చయి ఉండాలట. ఆ బండిలో రోజూ పాలక్యాన్లు వేసుకుని తిరిగే మనిషి చెప్పినా చెల్లదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు చూశారా, అదన్నమాట.

ఇంతకూ నేనేమీ సీతమ్మవారిని కాను. అసలు పాడు పని చేసింది నేనే.

తెనాలి-రేపల్లె లైనులో ఒక చిన్న స్టేషను. పేరు చెప్పను. దాని పేజీ నేనే మొదలుపెట్టాను. పూర్వం ఒక తుఫానప్పుడు అక్కడ కాలవ పొంగి, తూము దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిందనీ, తెల్లవారుజాము బండిని స్టేషనువాళ్ళు ముందే ఆపారనీ టీ బంకు దగ్గర ఎవరో అన్నారు. "స్టేషనువాళ్ళు" అని రాస్తే బాగుండదనిపించింది. స్టేషనన్నాక ఆపేది మాస్టారే కదా! "స్టేషను మాస్టారు లాంతరు పట్టుకుని ఎదురు పరిగెత్తి బండిని ఆపారు" అని రాశాను. ఆ లాంతరు ఎవరూ చెప్పలేదు నాకు. వాక్యం అందంగా వస్తుందని నేనే పెట్టాను. ఆధారం లేకుండా ఒక్క మాట రాసినా పిల్లల కాపీలో సున్నా చుట్టినదాన్ని, నేను చేసిన నిర్వాకం ఇది.

ఆరు నెలలకు ఒక పేపరు జిల్లా పేజీలో ఆ స్టేషను మీద వ్యాసం వచ్చింది. అందులో స్టేషను మాస్టారు ఉన్నాడు, నా లాంతరూ ఉంది. అక్షరం పొల్లుపోకుండా దించారు. బాపట్ల ఆయన ఆ వ్యాసం చూసి, నా వాక్యం చివర చిన్న అంకె వేశారు. ఆ అంకె నొక్కితే కిందికి పోయి ఆధారం కనబడుతుంది. ఆధారం ఏమిటి? ఆ పేపరు. పేపరుకు ఆధారం ఏమిటి? నేను. నాకు ఆధారం? నా బొంద!

అప్పుడు నాకు అసహ్యం వేసిందనుకుంటున్నారా? లేదు. నా వాక్యానికి అంకె వచ్చిందని మురిసిపోయాను. ఆ రోజు పాయసం కూడా చేశాను.

పోయినేడు ఆ స్టేషను దగ్గరి హైస్కూలుకు పిలిచారు, సర్వస్వంలో ఎలా రాయాలో పిల్లలకు చెప్పమని. వెళ్ళాను. తొమ్మిదో తరగతి. వాళ్ళ టీచరు నన్ను తెగ పొగిడి, "మేడంగారి పేజీ వల్ల మాకెంత మేలయిందో తెలుసాండి? మన ఊరి స్టేషను అని ప్రాజెక్టు ఇస్తే, ఒకమ్మాయి వాళ్ళ తాతే బండి ఆపాడని రాసుకొచ్చింది. క్లాసులో చదివించాను కూడా. తర్వాత మీ పేజీ చూసి సరిచేశానండి" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. "కోతల తాత" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మూడో బెంచీలో ఒక పిల్ల మాత్రం తల ఎత్తలేదు. ఆమె నోటుబుక్కులో రెండు పేజీలకు అడ్డంగా ఎర్రసిరా గీత ఉంది.

ఆ గీత చూశాక నేను చెప్పిన పాఠం ఏమిటో నాకే గుర్తులేదు. బడి వదిలాక ఆ పిల్లను ఆపి, "మీ తాతయ్య ఎక్కడుంటారమ్మా?" అని అడిగాను.

"ఇంట్లోనేనండి. కానీ ఆయన చెప్పేవన్నీ కోతలండి. మీరు నమ్మమాకండి" అంది. పోయిన నెల దాకా తాత పక్కలో కూర్చుని కథలు విన్న పిల్ల అని తర్వాత తెలిసింది.

అయినా ఆ పిల్ల వెంట వాళ్ళింటికి వెళ్ళాను. తాతకు ఎనభై దాటాయి. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. సుత్తి భుజాన వేసుకుని, రోజూ పట్టాల వెంట మైళ్ళు నడిచి, వదులైన చీలలు బిగించే పని. నేనెవరో చెప్పలేదు. బండి సంగతి అడిగాను. ముందు మనవరాలి వైపు చూశాడు. ఆ పిల్ల లోపలికి పోయింది. అప్పుడు చెప్పాడు.

"ఏముందమ్మా, తెల్లారగట్ల గాలిలో పట్టా చూసుకుంటా పోతన్నా. తూముకాడికొచ్చేసరికి కింద కట్ట లేదు. పట్టాలు ఉట్టిలాగా గాల్లో వేలాడతన్నై. బండొచ్చే టయానికి ఎర్రజెండా తీస్తే తడిసి కర్రకి చుట్టుకపోయింది. కర్ర పారేసి గుడ్డ రెండు చేతులతో పట్టుకుని లగెత్తా. ఒక చెప్పు ఆడే పోయింది. బొగ్గింజనమ్మా, ఆగిందాకా నమ్మకం లేదు. డ్రైవరు దిగొచ్చి బీడీ ఇచ్చాడు. తడిసిపోయి అది వెలగలా."

"లాంతరు పట్టుకున్నారా?"

"ఆ గాలికి లాంతరా! ఎవరు చెప్పారమ్మా?" అని నవ్వాడు.

కాగితమేమైనా ఉందా అని అడిగాను. ఇంకో తుఫానుకు ఇంట్లోకి నీళ్ళొచ్చి అన్నీ పోయాయట. పై అధికారి మెచ్చుకుని ఇచ్చిన టార్చిలైటు మాత్రం మిగిలింది. తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇత్తడిది, బరువుగా ఉంది. దాని మీద పేరూ లేదు, తేదీ లేదు.

"ఊళ్ళో ఎవరేమన్నా నేను లెక్కచెయ్యనమ్మా. పిల్లే మొహం చాటేస్తంది. తాతయ్యా ఫోన్లో ఏరే ఉందిగా, ఎందుకు అబద్ధాలు చెప్తావు అంటంది. నా ఇంట్లో నేను అబద్ధాలకోర్నయ్యా. ఫోన్లో రాసేది మీలాంటి సదూకున్నోళ్ళేనంటగా. ఎవరన్నా తెలిస్తే కాస్త సరిచెయ్యమని చెప్పండమ్మా" అన్నాడు.

రాసింది నేనే బాబాయిగారూ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చెప్తానండి" అని లేచాను. ఛీ, ఆ ఒక్క మాట అక్కడే చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది!

ఇంటికొచ్చి ఆ వాక్యం తీసేశాను. పావుగంటలో బాపట్ల ఆయన మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టారు. ఆధారమున్న వాక్యాన్ని తీయకూడదని నాకే హెచ్చరిక. ఇక లాభం లేదని ఆ ఆదివారం బాపట్ల వెళ్ళాను. గుంపంతా వాళ్ళింట్లోనే ఉంది. ఉప్మా తింటున్నారు. జరిగిందంతా చెప్పి, "ఆ మాట నేను కల్పించి రాశానండి. లాంతరుతో సహా" అన్నాను.

ఆయన చెంచా కింద పెట్టలేదు. "మీరు కల్పించారనడానికి ఆధారం ఏంటండి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "నేనే చెబుతున్నాను కదండీ!"

"మీరు చెప్తే ఎలా చెల్లుతుందండి? అచ్చులో ఉండాలి కదా."

"పేపరువాళ్ళు మన పేజీ చూసే రాశారండి. తేదీలు చూడండి, నాది ముందు, వాళ్ళది తర్వాత."

"మన పేజీ చూసి రాశామని పేపర్లో రాశారా?"

"ఎందుకు రాస్తారండీ?"

"మరి?" అన్నారాయన, అరిటాకు మీద పచ్చడి అద్దుకుంటూ.

టార్చిలైటు ఫోటో చూపించాను. అందరూ వంగి చూశారు. అందులో ఒకతను ఇత్తడి టార్చీలు ఏ కంపెనీవో చెప్పడం మొదలుపెట్టాడు. బాపట్ల ఆయన మాత్రం మర్యాదగా, "టార్చిలైటు ఆధారం కాదండి" అన్నారు. పైగా నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి మాట్లాడాను కాబట్టి నాకు పక్షపాతం ఉన్నట్టేనట. ఆ పేజీ నేనిక ముట్టుకోకూడదట. ఓటు పెట్టారు. నాకు నేను వేసుకున్న ఓటు ఒక్కటే. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఓటు కాగానే, నేను అంతకుముందు సర్వస్వంలో పెట్టిన పెనుమూడి వారధి ఫోటోకు ఆ టార్చి ఫోటో తీసిన ఫోనే వాడారా అని అడిగాడు ఆ టార్చీలతను.

థూ అని ఉమ్మేసి రావాల్సింది. కాఫీ తాగి వచ్చాను. వాళ్ళ మీద రోత ఒక ఎత్తు, నా మీద నాకు రోత ఒక ఎత్తు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. సెలవు రోజులు పాడుచేసుకుని ఊరికే పనిచేస్తున్నవాళ్ళు. ఒక ముసలాయన ఇంట్లో ఆయన మాటకున్న విలువ కంటే, ఒక వాక్యం చివర ఉన్న అంకె విలువ వాళ్ళకు ఎక్కువ. ఆ అంకెను చూసి పాయసం వండుకున్నదాన్ని నేను, వాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది?

రెండు నెలలు ఆ లైను వైపే పోలేదు. తర్వాత ఒకరోజు పొద్దున్నే రేపల్లె బండెక్కాను. సర్వస్వంలో మార్చలేకపోయినా ఆ పిల్లకైనా నిజం చెబుదామని. వాళ్ళ వాకిట్లోనే పిల్ల కనబడింది. నిలబెట్టి అంతా చెప్పాను. ఆ పేజీలో నేను రాసింది తప్పు, మాస్టారు నా కల్పన, లాంతరు నా కల్పన, నువ్వు రాసిందే నిజం, మీ టీచరుకు కూడా ఇదే చెప్పి వచ్చాను, గీత కొట్టేసి మార్కులు వేస్తానంది అన్నాను. పిల్ల మొహం ఎర్రబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గిర్రున తిరిగి లోపలికి పరిగెత్తింది.

నేనూ వెనకే వెళ్ళాను. పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. పిల్ల ఆయన పక్కలో చేరి, మోకాలు పట్టి ఊపుతూ, "తాతయ్యా, నువ్వేనంట కదా ఆపింది! ఫోన్లోదంతా తప్పంట. మామ్మగారే చెప్పారు. చెప్పవా, జెండా చుట్టుకపోయింది చెప్పు. ఒక చెప్పు ఆడే పోయింది, అది చెప్పు" అంది.

ఆయన పిల్ల తల నిమిరాడు. గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు మొదలుపెడతాడు అనుకున్నాను.

"ఏమోనమ్మా. మాస్టారే అయ్యుంటాడు. నాకట్టా అనిపించుంటది. ముసిలోణ్ణి" అన్నాడు.

"కాదండి బాబాయిగారూ, మీరేనండి. తప్పు రాసింది నేను. అదే చెబుదామనే వచ్చాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు. "మీరేం రాశారో అదే ఉంచండమ్మా. అందరూ అదే చదూకున్నారుగా. లాంతరు కూడా ఉన్నట్టే గుర్తొస్తంది నాకు" అన్నాడు.