నలుపులో తొమ్మిది సెకన్లు

మే నెల ఇరవై రెండవ తేదీ, గురువారం. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. నైరుతి గాలి రోడ్డు మీది దుమ్మును లేపుతోంది. ఇంటినుంచి బయలుదేరే ముందు వరండా నీడలోని ఉష్ణమాపకం ముప్పై తొమ్మిదిన్నర డిగ్రీలు చూపింది. ఆ సమయానికి నేనూ, ధర్మవరం నుంచి ఎనిమిది గంటల బస్సుకు వచ్చిన నా భార్య తమ్ముడూ, అనంతపురంలోని ఒక టీవీల దుకాణం మెట్లు ఎక్కాము.

ఇంత వివరంగా రాయడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం మూత తీసి, అందులోని నీటిని కొలిచి, రిజిస్టరులో రాశాను. మా సీమలో ఆ పని ఎక్కువగా సున్నాలు రాయడమే. వాన పడని రోజున గడిని ఖాళీగా వదలకూడదు, సున్నా రాయాలి. ఖాళీ గడి అంటే మనిషి చూడలేదని అర్థం. సున్నా అంటే చూశాడు, లేదు అని అర్థం. కొన్ని రోజులు నాలుగు చినుకులు పడి, నేల తడిసీ తడవకముందే ఆగిపోయేవి. కొలతపాత్రలో గీతకు అందనంత నీరు ఉండేది. అప్పుడు సున్నా రాయకూడదు, అంకె రాయడానికి వీల్లేదు. ‘జాడ’ అని రాయాలి. ఆ మాట రాయడం నాకు ఎన్నడూ ఇష్టం ఉండేది కాదు.

మేము టీవీ కొనడానికి వెళ్ళిన కారణం రెండు నిమిషాల నలభై సెకన్ల వీడియో. అది పదకొండేళ్ళ క్రితం ధర్మవరంలో మా బావమరిది ఇంట్లో తీసినది. నా భార్య కన్నుమూసి ఇప్పటికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఫోటోలు పందొమ్మిది ఉన్నాయి. కదిలే బొమ్మ ఇది ఒక్కటే. మొన్న ఏప్రిల్‌లో బావమరిది కూతురు తన పాత ఫోనును పారవేయబోతూ ఇందులో అత్త ఉందని గుర్తించి, దాన్ని నాకు పంపింది.

ఆ రోజు జరిగింది ఇది. నా భార్య పట్టుచీరలు నేసే ఇంటి ఆడపిల్ల. పెళ్ళయ్యాక అనంతపురం వచ్చి ఇరవై ఆరేళ్ళు మగ్గం ముట్టలేదు. ఆ రోజు తమ్ముడి గుంత మగ్గం మీద ఎర్ర అంచు నల్లచీర సగం నేసి ఉంది. ఆ నలుపును ఎంచింది ఆమే. అంతకు ముందు నెలలో వెళ్ళినప్పుడు తమ్ముడు నలుపు రంగు వేసిన మూడు పట్టు చిలపలు, అంటే పోగుల కట్టలు, చూపించాడు. వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారం దీపం వెలుగులో రంగు తేల్చరు. గుమ్మం దాటించి ఆకాశం కింద చూస్తారు. ఆమె మొదటి రెండింటిని వాకిట్లోకి తెచ్చి, "ఇది నలుపు కాదు, బూడిద. ఇంకోటి దూరానికి ఎర్రగా కొడతాండాది" అని పక్కన పడేసి, మూడోది తీసుకుంది.

వీడియో తీసిన రోజు ఆమె మగ్గం పక్కన నిలబడి ఉంటే తమ్ముడు ఆటపట్టించాడు.

"నువ్వు ఎంచేదానికే పనికొస్తావక్కా. నేసే చెయ్యి ఎప్పుడో మొద్దుబారిపోయింటాది."

"పెండ్లికి ముందు నిమిషానికి నలభై నాలుగు దెబ్బలు కొట్టినాన్రా. నాయన లెక్కబెట్టినాడు."

"అది అప్పుడు. ఇప్పుడు ఇరవై వస్తే నా మగ్గం నీకు రాసిస్తా."

ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంతలోకి దిగి కూర్చుంది. దెబ్బ అంటే, పోగు ఒకసారి దాటగానే మగ్గం పలకను తనవైపు లాగి కొట్టడం. బుటాలు లేని సాదా నేత భాగం అది. అదే సమయానికి కరెంటు పోయింది. చేతిమగ్గానికి కరెంటుతో పని లేదు కనుక చుట్టుపక్కల ఇళ్ళ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. పైకప్పు గవాక్షం నుంచి పడే వెలుతురు బట్ట మీదా, ఆమె చేతుల మీదా పడింది. ముఖం చీకట్లో ఉండిపోయింది. మేనకోడలు ఫోను తెరిచి వీడియో తీయసాగింది. నా భార్య నాతో అంది: "మీరు గడియారం చూడండి. మీ లెక్కయితే వీడు నోరెత్తడు."

నేను తప్పు చేసింది అక్కడే. సెకన్ల ముల్లునూ, ఆమె చేతినీ ఒకేసారి చూడగలనని నమ్మాను. పదిహేడు వరకు నాకు గుర్తుంది. తరువాత నా కళ్ళు ముల్లు మీదే నిలిచిపోయాయి. నిమిషం నిండగానే "చాలు" అన్నాను. ఆమె చెయ్యి ఆపి తల ఎత్తింది.

"ఎన్నొచ్చినాయి?"

"లెక్క తప్పింది. అందాజుగా చెప్పను" అన్నాను. తల ఎత్తకుండానే, గడియారం వైపు చూస్తూనే అన్నాను.

"బావ చెప్పలేక సిగ్గుపడుతాండాడు! ఇరవై కూడా వచ్చిండవులే" అని తమ్ముడు నవ్వాడు.

ఆమె ఇంకో నిమిషం నేస్తానని అనలేదు. గుంతలోంచి లేచి వచ్చింది. తిరుగు బస్సులో వేయించిన శనక్కాయలు ఒలిచి నా అరచేతిలో పెడుతూ వచ్చింది. ఆ మాట ఎత్తలేదు. ఆ తరువాత మరెన్నడూ మగ్గం మీద కూర్చోలేదు. నా మాటకు ఆమె నవ్విందో, ముఖం చిన్నబుచ్చుకుందో నాకు తెలియదు. నేను చూడలేదు. నా జీవితపు రిజిస్టరులో ఖాళీగా మిగిలిన గడి అది ఒక్కటే.

ఫోనులో ఆ ముఖం బొటనవేలి గోరంత. శుక్లాలకు ఆపరేషన్ అయిన నా కళ్ళకు అందులో చీకటి తప్ప ఏమీ తెలియలేదు. పెద్ద టీవీలో చూస్తే తెలుస్తుందని బావమరిది అన్నాడు. నెల రోజులు చదివి, చీకటి దృశ్యాలకు ఓఎల్ఈడీ రకం శ్రేష్ఠమని తేల్చుకున్నాను. మామూలు ఎల్‌సీడీ కంటే ధర మూడింతలు. అయినా అదే కొనాలని నిశ్చయించుకుని, వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేయించి తీసుకువెళ్ళాను.

దుకాణంలో టీవీలు చూపే అమ్మాయిది చిలమత్తూరు వైపట. చురుకైన మనిషి.

"యాడ కూసోని చూస్తారు సార్? ఎన్ని అడుగుల దూరం?"

"తొమ్మిది అడుగుల రెండు అంగుళాలు."

"ఆ రెండంగుళాలు గోడకు సున్నం కొట్టకముందా, కొట్టినాకనా బావా?" అన్నాడు నా వెనకనుంచి బావమరిది.

నేను నోటుపుస్తకం తీసి రెండు టీవీల అట్టల మీది అంకెలు రాసుకున్నాను. తెలుపుకూ నలుపుకూ మధ్య ఎన్ని రెట్ల తేడా అన్న గడిలో ఎల్‌సీడీకి ‘ఐదు వేలు’ అని ఉంది. ఓఎల్ఈడీకి పక్కకు పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు ఉంది.

"ఇదేమి అంకె?"

"అంకె కాదు సార్. దీంట్లో ప్రతి చుక్కా దానంతట అదే వెలుగుతాది. నల్లగా ఉండాలంటే పూర్తిగా ఆరిపోతాది. ఆడ వెలుతురు సున్నా. సున్నాతో భాగిస్తే లెక్క యాడొస్తాది చెప్పండి? ఎల్‌సీడీలో అట్ల కాదు. ఎనక లైటు ఎప్పుడూ వెలుగుతానే ఉంటాది. ఎంత మూసినా కొంచెం కారుతాది."

సున్నా అన్న మాట నాకు నమ్మకం కలిగించింది. సున్నాను సున్నాగా చూపే యంత్రం అబద్ధం చెప్పదనుకున్నాను.

అయితే దుకాణం నిండా దీపాలు. ఓఎల్ఈడీ నల్లటి అద్దంలో నా ముఖమే నాకు కనిపించింది. బావమరిది తల అడ్డంగా ఊపాడు.

"ఈ లైట్లల్లో రంగు చూస్తే మా అక్క కొడతాది. టీవీని వాకిట్లోకి ఎట్లాగూ తేలేము. ఈ దీపాలన్నా ఆర్పమ్మా."

ఆ అమ్మాయి గడియారం చూసింది. "ఒంటిగంటకు అందరూ భోజనాలకు పోతారు. అప్పుడు రాండి, షట్టర్ సగం దించుతా."

ఒంటిగంట ఐదు నిమిషాలకు షట్టర్ దించింది. దీపాలు ఆరాయి. లోపల వేడి ఒక్కసారిగా కమ్ముకుంది. ముందు వీడియోను ఓఎల్ఈడీలో పెట్టింది.

నేను అంత నలుపును జీవితంలో చూడలేదు. గవాక్షం వెలుతురు పడిన చోట పట్టు మెరిసింది. ఎర్ర అంచు తడి రక్తమంత చిక్కగా ఉంది. ఆమె చేతులు, గాజులు, చిటికెనవేలి మీది పాత కాలిన మచ్చ సైతం స్పష్టంగా వచ్చాయి. బావమరిది తెర దగ్గరకు వంగాడు.

"అదీ బావా నలుపంటే! అక్క వాకిట్లో చూసి ఎంచిన నలుపు. ఇదే."

ఒక నిమిషం నలభై ఎనిమిదవ సెకను దగ్గర చేతులు ఆగాయి. ఆమె తల ఎత్తింది. ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు. ముక్కుపుడక ఒక్కసారి తళుక్కుమని ఆరిపోయింది. ఆ చీకటి నిజంగా సున్నా. అమ్మాయి సెట్టింగులలోకి వెళ్ళి వెలుతురు పెంచింది. అప్పుడు ఆ చోట చిన్న చిన్న గళ్ళు లేచి, పురుగుల్లా కదిలాయి.

"వీడియోలోనే సరిగ్గా లేదు సార్. లేనిదాన్ని టీవీ యాడనుంచి తెస్తాది?"

"దాంట్లో కూడా పెట్టమ్మా" అన్నాను, ఎల్‌సీడీని చూపించి. పోల్చి చూడనిదే రాయకూడదన్న అలవాటు కొద్దీ అన్నాను, ఆశతో కాదు.

ఎల్‌సీడీలో నల్లచీర తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది. అంచు ఎరుపు వెలిసింది. బావమరిది "థూ" అన్నాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఒక నిమిషం నలభై ఎనిమిదవ సెకను వచ్చింది. ఆమె తల ఎత్తింది. ఆ బూడిద వెలుతురులో నుదురు, చెంప, గడ్డం అంచు తేలాయి. నవ్వో కాదో తేలలేదు. కానీ ముఖం అక్కడ ఉంది. కొలత గీతకు అందనంతగా ఉంది.

"జాడ" అన్నాను పైకే.

"ఏమి సార్?"

"ఇదే ఇవ్వండమ్మా."

బావమరిది నా భుజం పట్టుకున్నాడు. "నీకేమన్నా మతి పోయినాదా బావా? బూడిదను ఇంటికి తీసకపోతావా? దుడ్లకు ఆలోచిస్తాండావా? సగం నేనిస్తా. అక్క చూసింటే ఈ టీవీని ఎత్తి వాకిట్లోకి ఇసిరేసిండేది."

అతను చెప్పింది నిజమే. ఆమెను అడిగితే క్షణం ఆలోచించకుండా ఓఎల్ఈడీని చూపించి ఉండేది. ఇరవై ఆరేళ్ళు మగ్గం ముట్టకపోయినా నలుపు విషయంలో రాజీపడని మనిషి. ఆమె మెచ్చే నలుపును తీసుకుంటే ఆమె నాకు కనిపించదు. ఆమె తోసిపుచ్చే బూడిదలో మాత్రమే కనిపిస్తుంది. జీవితంలో మొదటిసారి ఆమె ఎంపికకు ఎదురు వెళ్ళాను.

"నువ్వు చీరను చూస్తాండావు. నేను ఆమెను చూడాల" అన్నాను.

అతను చెయ్యి తీసేశాడు. బస్‌స్టాండుకు నాకంటే ముందు నడిచి, ధర్మవరం బస్సెక్కాడు.

శనివారం టీవీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు బావమరిది చెప్పకుండా వచ్చాడు. తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు కట్టాము. గోడనుంచి తొమ్మిది అడుగుల రెండు అంగుళాల దూరాన కుర్చీలు వేశాను. నా చేతి గడియారం విప్పి అతనికి ఇచ్చాను.

"ముల్లు నువ్వు చూడు. నేను చెయ్యి చూస్తా. ఆ రోజే ఇట్లా చేసుండాల."

"ఆ రోజు నేను ఎగతాళి చేయకుండా ఉండుండాల" అన్నాడు అతను గడియారం వైపు చూస్తూ.

ముందు ముఖం చూశాము. దుకాణంలో సగం దించిన షట్టర్ కింద చొరబడిన వెలుతురు ఇక్కడ లేదు, ఆపి ఆపి చూస్తే అక్కడ తేలనిది ఇక్కడ తేలింది. తల ఎత్తి ఉన్న సమయం తొమ్మిది సెకన్లు. మొదటి మూడు సెకన్లు కనుబొమలు పైకి లేచి ఉన్నాయి, అది ప్రశ్న. నా జవాబు తరువాత నాలుగు సెకన్లు ఆమె నవ్వింది. చిన్నబుచ్చుకున్న ముఖం కాదు. పంటి మెరుపు కనిపించింది. చివరి రెండు సెకన్లలో నవ్వు ఆగింది, చూపు మాత్రం కదలలేదు. నేను నిలబడిన వైపు, అంటే వంచి ఉన్న నా తల వైపు, చూస్తూనే ఉంది. ఆ రెండు సెకన్లలో నేను తల ఎత్తి ఉంటే సరిపోయేది. ఏ అంకె చెప్పినా చెప్పకపోయినా సరిపోయేది.

తరువాత చేతులు లెక్కపెట్టాము. మూడుసార్లు లెక్కించాను. ప్రతిసారి బావమరిది "మొదలు" అని, నిమిషం నిండగానే "చాలు" అన్నాడు. మూడుసార్లూ ఒకే అంకె వచ్చింది. అతను గడియారం నా చేతికి ఇచ్చి, టీవీ వైపు తిరిగి, "అక్కా, మగ్గం నీదే" అన్నాడు.

ఆమె అడిగినదానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. పెళ్ళికి ముందు నలభై నాలుగు. ఆ రోజు వచ్చినవి నలభై ఆరు.