ఆమెన్ అనని ప్రార్థన

మా పాప పోయాక రెండేళ్లు నేను మందిరం గడప తొక్కలేదు. అది జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. తొమ్మిదో రోజున పోయింది. "విశ్వాసం చాలలేదేమో బ్రదర్" అని సమాధి దగ్గరే ఒకాయన అన్నాడు. నా భార్య సలోమి మాత్రం ఒక్క ఆదివారమూ మానలేదు. నేను ఇంట్లో కూర్చునేవాణ్ణి.

నవంబరులో గిద్దలూరు దగ్గరి పల్లె నుంచి మా మేనత్త మరియమ్మ ఫోన్ చేసింది.

"ఒకసారి వచ్చి పోరా. నీకేం చెప్పన్లే. ఊరికే కూసుందువు."

గుంటూరులో ఉదయం ఆరు దాటాక రైలెక్కాను. వినుకొండలో గానీ సీటు దొరకలేదు. తొమ్మిదిన్నరకి మార్కాపురం రోడ్డులో ఇడ్లీ పొట్లం కొన్నాను. అక్కడే ఎక్కిన ఒక పెద్దరైతు నా పక్కన సర్దుకున్నాడు.

"పిల్లలెంతమంది నాయనా?"

"ఒక పాప."

"ఏం చదువుతా ఉంది?"

"ఆరో తరగతి," అన్నాను. ఆయన సంతోషించాడు. నేను పొట్లం మడిచేశాను. కంభంలో ఆయన దిగేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

పదకొండుకి గిద్దలూరు. పల్లెకు షేర్ ఆటో నిండేసరికి అరగంట పట్టింది. దారి పొడుగునా కంది, పత్తి. బస చేయాలనుకునేవాళ్లకు గిద్దలూరు బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి. నాకు అత్త నులకమంచం వాల్చింది. సంగటి, గోంగూర పెట్టింది. అన్నట్టే ఏమీ అడగలేదు.

మర్నాడు అయిదింటికి లేపింది. మందిరానికి నడుస్తూ చెప్పింది:

"ముందు మాదీ మైకుల ప్రార్థనేరా. నా కొడుకు యేసుదాసు బావి తవ్వతా మట్టి కూలి పోయినాడు గదా, అప్పుడు అందరూ నన్ను ఓదార్చినారు. ఒక్కరూ ఏడవనియ్యలా. అందుకే ఇట్ల మొదలుపెట్టినాం. ఎవురి కడుపుమంట వాళ్లు దేవునికే చెప్పుకోవాల. మిగతావాళ్లు ఇనాల. ఓదార్చగూడదు, ఆమెన్ గూడా అనగూడదు."

రేకుల మందిరంలో ఎనిమిది మంది ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. అందరూ పత్తి తీయడానికి పోయేవాళ్లే. క్యారియర్లు గోడవార పెట్టుకున్నారు. పాట లేదు. చాలాసేపటికి ఒకామె, "వాన అడిగితిమి. పత్తి పగిలినంక ఇచ్చినావు. ఏంది తండ్రీ ఇది?" అంది. ఎవరూ నవ్వలేదు.

నా గొంతు నాకే తెలియకుండా లేచింది.

"నా బిడ్డ పేరు గ్రేసీ. నిన్న రైల్లో అది బతికే ఉందని చెప్పాను. నువ్వు చేయని పని నేను చేశాను. విశ్వాసం చాలనిది నాకైతే, దాన్నెందుకు తీసుకుపోయావు?"

తర్వాత ఏడ్చాను. అత్త నావైపు తిరగను కూడా లేదు. తెల్లారేసరికి ఆడవాళ్లు తలగుడ్డలు చుట్టుకుని లేచారు. వానమాట అన్నామె గడప దగ్గర ఆగి, "గ్రేసీ... మంచి పేరన్నా" అని వెళ్లిపోయింది.

మూడు పొద్దులు అలా కూర్చున్నాను. మూడోనాడు చెప్పడానికి మాటల్లేవు. అయినా లేవాలనిపించలేదు. లేడనుకున్న దేవుడితోనే ఇన్నాళ్లూ పోట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం రైలుకి తిరుగు ప్రయాణమయ్యాను. దొనకొండ దాటాక సలోమికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"ప్రతి ఆదివారం మన మందిరంలో ఏమని ప్రార్థించేదానివి?" అని అడిగాను.

"ఏమీ లేదండీ. పాప పోయాక నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. నేను కూడా మానేస్తే మీరు ఇంకెప్పటికీ రారేమోనని వెళ్లేదాన్ని."

ఆమే మళ్లీ, "ఈసారి నన్నూ తీసుకెళ్తారా?" అంది.

ఆమె విశ్వాసం చెక్కుచెదరలేదనుకుని, రెండేళ్లు ఆమెను ఒంటరిగా పంపాను. వచ్చే నెల ఇద్దరం వెళ్తున్నాం. జవాబు దొరుకుతుందని కాదు. గ్రేసీ గురించి ఆయన్ని అడగాల్సింది సలోమికి కూడా ఉంది.