పట్టాల పక్క చేను

మిలిటరీ స్పెషల్ రైలు హిందూపురం దాటగానే యూనస్ బూట్లు తుడుచుకుని, టోపీ సర్దుకుని తలుపు దగ్గర నిలబడతాడు. పెనుకొండ దాటాక పట్టాల పక్కనే అన్నను నమ్మి వదిలిన తన వేరుశనగ చేను. ఈ దారిన పోయే ప్రతిసారీ తోటి సిపాయిలకు దాన్ని చూపించాల్సిందే. ఈసారి గట్టు మీదికొచ్చి చెయ్యి ఊపమందామని అన్నకు ఫోన్ చేశాడు. రైలు మాట ఎత్తకముందే అన్న అమీర్‌సాబ్, "చేన్లోనే ఉండా యూనసూ, నీళ్లు కడతాండా. కాయ బాగా పట్టిండాది," అన్నాడు. అంతలోనే చేను రానే వచ్చింది. పైరు లేదు, బావి లేదు. చదును చేసిన నేల నిండా సున్నం కొట్టిన ప్లాట్ల రాళ్లు. "ఎండ ఎక్కువుండాది, నీడకు కూచోన్నా," అని ఫోన్ పెట్టేశాడు. "నీ చేను ఏది?" అని వెనక నుంచి సిపాయిలు మెడలు చాచారు. యూనస్ పక్కవాళ్ల పచ్చటి చేను చూపించాడు.