గంజి వదిలిన తువ్వాలు

మామ పోయాడన్న కబురు నాకు రోడ్డు మీద అందింది. తిరువళ్ళూరు నుంచి పూండి వైపు పొద్దున్నే పరుగుకు వెళ్ళి తిరిగి వస్తున్నాను. నడుముకు కట్టుకున్న సంచిలో ఫోను ఒకటే మోత. పరుగు మధ్యలో ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు. మూడోసారి మోగాక తిట్టుకుంటూ తీశాను. అత్త.

“పాపా, మీ మామ లేడు. పొద్దున లేచి కాపీ తాగి, మగ్గం తావ పొయ్యి కూసున్నాడు. అంతే. పిలిస్తే పలకలేదు.”

అత్త ఏడుస్తూ ఉంది. నా కాళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అంత కబురు విని కూడా నేను ఆగలేదు. ఆ సంగతి ఇంటికి చేరాక గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది. తిరుత్తణిలో బస్సు మారి మామ ఊరు అత్తిమంజేరిపేటకు పోయేదాకా ఒక్కచోట కూర్చోలేకపోయాను. కండక్టరు “ఉక్కారుమ్మా, సీటు ఇరుక్కు” అని రెండుసార్లు కూర్చోమని చెప్పి, ఈమెతో మనకెందుకని వదిలేశాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నేతగాడు. ఆయన పోయేనాటికి పది నెలలుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను, మంచి మాటలకు కొదవేం లేదు. కానీ ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే తక్కినదంతా అబద్ధమవుతుంది.

చిన్నప్పుడు నా సెలవులన్నీ మామ వాళ్ళ వీధిలోనే గడిచాయి. తెల్లవారీ వారకముందే వీధి పొడవునా పడుగు చాపి గంజి పెట్టేవాళ్ళు. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. గంజి పట్టించకపోతే అవి నేతకు ఆగవు. ఎండ వీధిలోకి దిగేలోపల ఆ పని అయిపోవాలి. పోగులు నిదానంగా ఆరితే గట్టిపడతాయి, ఎండ మీదపడి గబుక్కున ఆరితే పెళుసెక్కి పుటుక్కుమంటాయి. మామ అరచెయ్యి పోగులకు ఆనీ ఆనకుండా పెట్టి, కళ్ళు మూసుకుని, “ఇంకా రవ్వంత ఉండాది” అనేవాడు. ఆ రవ్వంత ఎంతో ఆయనకే తెలుసు.

ఆ కొసన ఏదైనా పోగు తెగిందేమో చూసి రావడం నా పని. నేను నడిచేదాన్ని కాదు, ఉరికేదాన్ని.

“నడువు పాపా! నువ్వు లేపే దుమ్మంతా నా గంజిలో పడతా ఉండాది.”

“నడిస్తే ఎప్పటికి చేరేది మామా?”

“కాలు ఒక తావ నిలవదే నీకు! చక్రాలు కట్టుకొని పుట్టినావా యేంది?”

అలా తిడుతూనే మళ్ళీ పంపేవాడు. తెగని పోగుల కోసం కూడా పంపేవాడని పెద్దయ్యాక అత్త చెప్పింది. ఈ పిల్ల ఒక చోట కూర్చుంటే ఇంట్లో ఏదో ఒకటి పగలగొడుతుంది, ఉరకనీలే అనేవాడట.

ముప్పై దాటి, తిరువళ్ళూరులో మందుల షాపులో ఉద్యోగం చేసుకుంటున్న దాన్ని, మారథాన్ పరిగెత్తుతానని మొదలుపెడితే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. చుట్టాలు నవ్వారు. మామా నవ్వాడు. “ఎవురు తరుముతా ఉండారు పాపా నిన్ను?” అని అడిగాడు. కానీ ఆ ఆదివారమే, పొద్దు పొడవకముందే, మోపెడ్ వెనక నీళ్ళ క్యాను, ముందు మజ్జిగ బాటిలు కట్టుకుని మా వీధి మొదట్లో నిలబడి ఉన్నది ఆయనొక్కడే.

ఆయన పరిగెత్తిన మనిషి కాదు. కానీ ప్రతి ఆడి కృత్తిక పండక్కీ కావడి భుజాన వేసుకుని ఉత్తకాళ్ళతో తిరుత్తణి కొండకు నడిచేవాడు. ఎండ సంగతి ఆయనకు ఏ పుస్తకమూ చెప్పాల్సిన పని లేదు. మోపెడ్ నా పక్కనే, నా వేగంతోనే నడిపేవాడు. ఒక్కరోజు కూడా “ఇంకొంచెం స్పీడు” అనలేదు. “ఉప్పేసుకున్నావా?” “తల తడుపు.” ఈ రెండే మాటలు. పాత తువ్వాలు నీళ్ళల్లో ముంచి నా నెత్తిన వేసేవాడు. అది మెడమీదుగా చుక్క చుక్కగా కారుతుంటే ఎంత ఎండైనా తలలో చల్లగా ఉండేది.

ఒకసారి నేను, “ఈ ఎండనే ఓడగొడతా చూడు మామా” అన్నాను. ఆయన నవ్వలేదు. “ఎండతో పందెం కట్టద్దు పాపా. దానికి ఇంటికి పోయే పనిలేదు. నీకుండాది” అన్నాడు.

పోయిన చిత్తిరై నెలలో, నడి ఎండల్లో, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా పరుగు పెట్టారు. నా మొదటి మారథాన్. ముందురోజు మామ కాగితంలో చుట్టి ఒక కొత్త తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. ఎర్రంచు, మూలన పసుపుబొట్టు. అప్పటికే ఆయనకు కళ్ళు మసకబారాయి. ఇంట్లో రెండు మగ్గాలుంటే, పెద్దదాని మీద పట్టుచీర సగంలో ఆగిపోయి ఏడాది దాటింది. సన్న పోగులు కనబడవు. చిన్నదాని మీద తువ్వాళ్ళు మాత్రం చేతి అలవాటుతో నేసేవాడు. నా కోసం నేసింది అందులో ఒకటి.

మా నేత ఇళ్ళల్లో కొత్తబట్టను తడపకుండానే మొదటిసారి ఒంటిమీద వేసుకుంటాం. మూలన పసుపు పెట్టి, దండం పెట్టుకుని, గంజి కరకరలాడుతుండగానే. ముందే తడిపితే అది పాతబట్ట కింద లెక్క, నేసినవాడికీ అవమానం. అలాగే పెరిగాం గనక నేనూ ఆలోచించలేదు, ఆయనా ఆలోచించలేదు. అన్నాళ్ళూ అలవాటు చేసుకున్నది పాత తువ్వాళ్ళతో. పందెం నాడు మాత్రం తలకు కట్టుకున్నది గంజి వదలని కొత్తది.

జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఆలస్యంగా వచ్చాడు. తెల్లవారకముందే కదలాల్సినవాళ్ళం పొద్దెక్కాక కదిలాం. తిరుప్పాచూరు దాటేసరికే తారు మెరుస్తోంది. మామ ఎక్కడికక్కడ ముందుపోయి నిలబడి నా తలమీద నీళ్ళు పోస్తున్నాడు. పోసిన నీళ్ళు పోసినట్టే జారి నేలమీద పడుతున్నాయి. తువ్వాలు పీల్చదు. పైన చుక్కలు నిలబడతాయి, లోపల నా మాడు ఉడికిపోతుంది. నేను అదేమీ పట్టించుకోలేదు. ముందున్న మనిషి వీపు చూసుకుంటూ పోయాను.

కనకమ్మసత్రం దగ్గరికి వచ్చేసరికి నాకు చలి వేసింది. నిజంగా చలి. చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చెమట ఆగిపోయింది. నాకు భలే హాయిగా అనిపించింది, ఇంక పదమూడు కిలోమీటర్లే కదా, ఎగిరిపోతానని. అప్పుడే మామ మోపెడ్‌ని దారికి అడ్డంగా పెట్టేశాడు.

“చాలు పాపా. ఎక్కు.”

“జరుగు మామా!”

“ఒళ్ళు పొడిగా ఉండాది. చెయ్యి పెట్టి చూస్తే తెలస్తా ఉండాది. ఎక్కమంటా ఉండానా లేదా?”

పోగుల మీద పెట్టినట్టు ఆనీ ఆనకుండా నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూశాడాయన. ఆ చెయ్యి విదిలించి కొట్టాను. అప్పుడన్న మాట రాయడానికి ఇప్పటికీ వేళ్ళు రావడం లేదు. రాస్తాను.

“నీ మగ్గం మీద చీర ఏడాదిగా సగంలోనే ఉండాది. నువ్వు ముగించలేవు గాబట్టి నన్నూ ముగించనీవా?”

మామ క్యానులో మిగిలిన నీళ్ళన్నీ నా మీద కుమ్మరించి, రెక్క పట్టి మోపెడ్ ఎక్కించాడు. దారిలో ఎక్కడో నేను స్పృహ తప్పానట. పడిపోకుండా నన్ను తన నడుముకు తన పంచెతోనే కట్టుకుని తిరుత్తణి ఆసుపత్రికి తెచ్చాడు. ఇంకో అరగంట ఆగి ఉంటే చెప్పలేమమ్మా అని డాక్టరు అన్నాడు. సెలైన్ ఎక్కుతుండగా విన్నాను. విని కూడా కోపం తగ్గలేదు. తువ్వాలు తీసి ఆయన చేతిలో పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆయన చెప్పింది నిజమని తెలుసు. నేనన్నది తప్పని తెలుసు. తెలిసి తెలిసి మాట్లాడకుండా ఉండటం ఎంత సులువో నాకు ఆ పది నెలల్లో తెలిసింది. మామ ఫోను చేసేవాడు, నేను ఎత్తేదాన్ని కాదు. కొన్నాళ్ళకు ఆ ఫోనులూ ఆగిపోయాయి. దసరా రోజుల్లో, పురటాసి నెలలో ఒకరోజు షాపులో ఉండగా రోడ్డు అవతల మోపెడ్ కనిపించింది. మామ చంకలో ఏదో పొట్లం పెట్టుకుని, కళ్ళు చికిలించి షాపు లోపలికి చూస్తున్నాడు. నేను స్టాకు చూసే వంకన వెనక గదిలోకి పోయాను. పావుగంట అట్టపెట్టెలు అటూ ఇటూ జరుపుతూ ఉన్నాను. బయటికి వచ్చేసరికి లేడు. హమ్మయ్య అనుకున్నాను. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని! అదే ఆయన్ని ఆఖరుసారి చూడటం.

చావింట్లో ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుంటే నేను మాత్రం వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. నీళ్ళు తెచ్చాను, కుర్చీలు సర్దాను, ఎవరూ అడగనివి కూడా మోశాను. మగ్గం ఉన్న గదిలోకి మాత్రం పోలేదు.

పదకొండో రోజు అన్నీ అయ్యాక అత్త నన్ను పిలిచి ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టింది. విప్పాను. ఎర్రంచు తువ్వాలు. అంచు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది. బట్ట చేతిలో నిలవకుండా మెత్తగా జారిపోతోంది.

“ఇది నాకు ఇచ్చింది కదా అత్తా. ఇట్లెందుకైపోయింది?”

“ఆసుపత్రి నుంచి వచ్చిన దినమే బకెట్లో నానేసినాడు పాపా. నీళ్ళు పోస్తే జారిపోతా ఉండాయని ఆ పొద్దు చూసినాడంట. ‘తప్పు నాది. కొత్తగుడ్డ అట్లనే ఇచ్చేస్తిని, బిడ్డ ప్రాణానికి వచ్చె’ అని ఒకటే పలవరింత. ఆ దినం మొదులు రోజూ పొద్దున ఉతికేది, ఆరేసేది, మళ్ళా ఉతికేది. సుమ్మా ఉండవయ్యా, నేసినోడివే గుడ్డను చంపతా ఉండావే అంటే, ‘నేసేదానికి కండ్లు లేవు, ఉతికేదానికి చేతులుండాయి గదా’ అన్నాడు.”

అత్త చెప్పుకుంటూ పోయింది.

“ఆడి కృత్తికకి కావడెత్తినప్పుడు ఇదే తలకి చుట్టుకొని పొయ్యినాడు. నీళ్ళు నిలస్తాయా లేదా అని చూసేదానికి. కొండ నుంచి వచ్చి, ‘ఇప్పుడు సరిపోయింది, పాపకిచ్చి వస్తా’ అన్నాడు. పురటాసిలో తిరువళ్ళూరు వచ్చినాడే, నీకు తెలీదా? నువ్వు పనిలో ఉండావని తిరిగొచ్చేసినాడు. ‘బిజీగా ఉండాదిలే, మళ్ళా ఇస్తాం’ అన్నాడు.”

నన్ను చూశాడో లేదో, ఆ మసక కళ్ళకు నేను వెనక్కి పోవడం కనిపించిందో లేదో, ఇంక నాకు ఎవరూ చెప్పలేరు. అత్త ఒళ్ళో తలపెట్టి పెద్దగా ఏడ్చాను. ఏడుస్తూ చూస్తే తువ్వాలు మూలన పసుపు ఉంది. అన్ని ఉతుకులకు మొదటిది నిలిచే మాటే లేదు. పాతబట్టకు పసుపు పెట్టేవాళ్ళు మాలో ఎవరూ ఉండరు. కొత్తగా ఇస్తున్నట్టు ఆయనే మళ్ళీ పెట్టాడు.

ఈ చిత్తిరైలో అదే దారిన మళ్ళీ పరిగెత్తాను. తువ్వాలు తలకు కట్టుకున్నాను. పక్కన మోపెడ్ చప్పుడు లేదు, ఎవరూ “ఉప్పేసుకున్నావా” అనలేదు. నాకు నేనే అనుకుంటూ, నీళ్ళిచ్చే ప్రతి చోటా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. కనకమ్మసత్రంలో ఆయన బండి అడ్డంగా పెట్టిన చోటు దగ్గర బాటిలు ఎత్తి మొత్తం తలమీద పోసుకున్నాను. జారి నేలమీద పడుతుందని పాత భయంతో కిందికి చూశాను. రోడ్డుమీద ఒక్క చుక్క పడలేదు. కాసేపటికి మెడ వెనక, మెల్లగా, చల్లగా దిగడం మొదలైంది. “మామా, తప్పు నాది” అని పైకే అన్నాను. నీళ్ళిచ్చే పిల్ల “ఎన్న అక్కా?” అంది. ఏమీ లేదమ్మా అని కదిలాను.

ఎండ ముదిరాక చాలా దూరం నడిచాను. నన్ను దాటి బోలెడుమంది పోయారు, పోనిచ్చాను. చివరికి తిరుత్తణి చేరాను. పతకం మెడలో వేశారు, ఫొటో తీశారు. ఇంటికి పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, పరిగెత్తితే దొరికేది. నేను కొండమెట్ల పక్కన కమ్మీ మీద తువ్వాలు పిండి ఆరేసి, పక్కనే నీడలో కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది. కాసేపయ్యాక బట్టకు ఆనీ ఆనకుండా అరచెయ్యి పెట్టి చూశాను. ఇంకా రవ్వంత ఉంది. అది ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.