వరస చివర ఆగడం

గింజ కిందపడితే ఏరుకొని తినాలనే మనిషిని నేను. ఖాళీగా ఉన్న చెయ్యిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ గుణమే నా చెల్లెలికి బడి లేకుండా చేసింది.

మాది శామీర్‌పేట. దొరలు ఇంకా దేశం విడిచిపోని రోజులవి. నాయిన బొల్లారంలో తెల్ల పటాలం ఉండే దండులో ఒక తెల్లదొర బంగళాకు తోటమాలి. ఆ బంగళా వెనక అర్రల్లోనే మేముండేవాళ్లం. పిల్లలు లేని దొరసాని, రెండో తరగతి దాటని మా అక్కచెల్లెళ్లిద్దరినీ పియానో ముందు కూర్చోబెట్టి నేర్పింది. నాకు వేళ్లు జల్దీ తిరిగాయి. పియానో మీద తాళం తప్పకుండా ఉండేందుకు టక్కుటక్కుమని కొట్టే చెక్క డబ్బా ఒకటుండేది. దాని దెబ్బకు నా వేలు ఎన్నడూ తప్పలేదు. చెల్లెలు మాత్రం ప్రతి వరస చివరా ఆగేది. అయినా దొరసాని నా వాయింపుకు తలూపి ఊరుకునేది, చెల్లెలు వాయిస్తే చేతిలో కుట్టుపని పక్కన పెట్టేది. ఎందుకో నాకు అర్థం కాలేదు. కొంత కుళ్లు కూడా ఉండొచ్చు.

దొరసాని తన దేశం వెళ్లేముందు చెల్లెలిని సికింద్రాబాదులో తెల్ల మదర్లు నడిపే బడిలో చేర్చాలనుకుంది. తిండి, చదువు, పియానో అన్నీ అక్కడే. నాకు అప్పటికే లగ్గం ఖాయమైంది. పెద్ద మదరు వచ్చి వాయింపు విని, నచ్చితేనే చేర్చుకుంటుందని తెలిసి, చెల్లెలిని తయారుచేసే పని నేనే నెత్తికెత్తుకున్నాను.

"వరస అయిపోంగనే ఎందుకాగుతున్నవే?" అని అడిగాను.

"నాట్లేసేటప్పుడు ఆగమా అక్కా? ఆగకపోతే ఎనుకున్నోళ్లు ఎట్ల అందుకుంటరు?"

"ఈడ నీ ఎనుక ఎవ్వలున్నరే, కుర్సీ తప్ప?"

దానికీ నవ్వొచ్చింది. మా ఊళ్లో నాట్లప్పుడు పాట ఎత్తే మనిషి వరస చివర కాస్త ఆగుతుంది. మిగతావాళ్లు ఆ వరస అందుకొని పాడి, ఒక అడుగు వెనక్కి వేశాకే తర్వాతిది ఎత్తుతుంది. పదిహేను రోజులు డబ్బా పెట్టి, ఆగినప్పుడల్లా వేళ్ల మీద చీపురుపుల్లతో కొట్టి ఆ అలవాటు మాన్పించాను.

మదరు వచ్చిన రోజు చెల్లెలు ఒక్క తప్పు లేకుండా వాయించింది. నేను నాయిన పక్కన గర్వంగా నిలబడ్డాను. దొరసాని ముఖం వాడింది. ఎప్పటిలాగా మళ్లీ వాయించమని బతిమాలింది. చెల్లెలు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపి, వేలితో తొడ మీద డబ్బా దెబ్బ కొట్టి చూపాను. అది మళ్లీ డబ్బాలాగే వాయించింది.

ఇట్లా వాయించే పిల్లలు తమ దగ్గర మస్తుగా ఉన్నారని చెప్పి మదరు లేచింది. దొరసాని వచ్చీరాని ఉర్దూలో నాయినను ఏదో అడిగింది. ఏమన్నదని నేనడిగితే ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"చేతులు మంచిగ ఆడినయంట బిడ్డా. మరి పిల్ల ఏడబోయింది అని అడుగుతాంది."

దొరసాని వెళ్లిపోయాక మేమూ ఊరికి వచ్చేశాం. ఆ వానాకాలం నాట్లలో ఆడవాళ్లు చెల్లెలిని పాట ఎత్తమన్నారు. ఎత్తింది. గొంతు తప్పలేదు, మాట తప్పలేదు. వరస చివర మాత్రం ఆగలేదు.

"జర ఆగవే పిల్లా, ఏంది గా ఉరుకుడు? మేమెట్ల అందుకోవాలె?" అని వెనక నుంచి ఒకామె కసిరింది.

ఆగొచ్చా అన్నట్టు చెల్లెలు నా దిక్కు చూసింది. నేను నారుకట్ట విప్పుతూ తల దించుకున్నాను. ఆగమని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే తప్పు నాదని ఒప్పుకోవాలి. అనలేదు.