కంచె పక్క సీసా

రాస్ప్‌బెర్రీ తోటల్లో మనిషి కంటే ముందు అతని పులిసిన వాసన వస్తుంది. అందుకే తోటల్లో ఈగల కోసం కాపు కాసే అతను అందరికీ వెనిగర్ మామయ్య. ఎక్కడినుంచో వచ్చిపడ్డ ఈగ, పండు కొమ్మ మీద ఉండగానే తోలు కోసి లోపల గుడ్లు పెడుతుంది. పొద్దున్నే అతను కొమ్మలకు కట్టిన వెనిగర్ సీసాలు దించి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, మునిగిన ఈగల్ని చూస్తాడు. రాలిన పండులోనే ఈగ పెరుగుతుంది కాబట్టి, అది కనబడితే ఎవరికైనా చీవాట్లే. ఈసారి కంచె పక్క సీసా ఈగలతో నల్లబడింది. ఆ సీసా కట్టిన తోట అతని భార్య అన్నగారిది; కంచెకు ఇవతల అతని ఇల్లు. "నీ బద్ధకమే బావా ఇది. ఆ వరుసలో పళ్ళన్నీ కోసి సంచుల్లో కట్టి ఎండలో పడెయ్, గుడ్లు చస్తాయి," అని కూలీల ముందే నలుగురిలో దులిపేశాడు. బావకు మిగిలిన పంట ఆ ఒక్క వరుసే. అయినా తలూపాడు.

మర్నాడు మంచినీళ్ళకని తన వంటింట్లోకి వెళితే, కిటికీ కింద మూత లేని బుట్ట. జామ్ కోసం భార్య ఏరి దాచిన మెత్తటి పళ్ళ మీద అవే ఈగలు. కిటికీ దాటితే కంచె. "పారెయ్యబుద్ధి కాలేదండీ," అందామె. అన్ని తోటల్లో సీసాలు కట్టినవాడు సొంత పెరట్లో ఒక్కటీ కట్టలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెప్పులైనా వేసుకోకుండా బావ తోటకు పరిగెత్తాడు. "ఆపు బావా, ఈగ మా ఇంట్లోది."

బావ ఆఖరి సంచి ముడేస్తున్నాడు. "ఇక ఆపేదేముంది? కోసిన పళ్ళు మళ్ళీ కొమ్మకు అతుక్కోవుగా. నలుగురిలో తిట్టావు, ఇదీ నలుగురిలోనే చెప్పు."

ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, అతను కూలీలు కూర్చున్న షెడ్డు వైపు నడిచాడు.