బెల్లం దిమ్మతో నడిచిన గడియారం

మా వెనకగదిలో ఒకప్పుడు బెల్లం ఉండేది. ఇప్పుడు లేతు మిషన్ ఉంది. అనకాపల్లిలో బెల్లం వ్యాపారుల ఇంట పుట్టి, యాభై దాటాక గడియారాలు చేయడం మొదలుపెట్టినవాడిని నేనొక్కడినే అయ్యుంటాను. ఈ వయసులో కొందరు యోగా మొదలుపెడతారు, కొందరు రాజకీయాలు. నాకు ఫోనులో ఒక వీడియో కనిపించింది. ఎవరో పెద్దాయన ఇత్తడి రేకు కోసి పళ్లచక్రం చేస్తున్నాడు. ఆ రోజు బెల్లం కొట్టుకి గంట ఆలస్యంగా వెళ్లాను.

మొదటి చక్రానికి అరవై పళ్లు కోయాలి. ఎంతో జాగ్రత్తగా కోస్తే యాభై తొమ్మిది వచ్చాయి. రెండోదానికి అరవై ఒకటి. కాటా దగ్గర పది గ్రాముల తేడా కూడా ఒప్పుకోని మనిషిని, ఒక్క పన్ను దగ్గర రెండుసార్లు బోల్తాపడ్డాను. మూడోదానికి సరిగ్గా అరవై వచ్చినప్పుడు నా భార్యని వంటింట్లోంచి పిలిచి చూపించాను.

"ఇలాటివి ఇంకెన్ని చెయ్యాలేటి?" అంది.

ఇంకో ఆరు చెయ్యాలన్నాను. వెళ్లి పోపు వేసుకుంది.

ఆ గదిమీద ఆవిడకి ఎప్పటినుంచో కన్నుంది. ఆవిడ కుట్టు మిషన్ వరండాలో ఉంటుంది. జల్లు కొడితే జాకెట్టు గుడ్డలన్నీ ఎత్తుకుని లోపలికి పరుగెత్తాలి. రెండేళ్లు ఓపికపట్టింది. గడియారం ఒక రూపానికి వచ్చిన రోజుల్లో, మొదటి పెద్దవాన పడిన సాయంత్రం, తడిసిన గుడ్డలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇది పని చేత్తదా, చెయ్యదా?"

"చేత్తది."

"అయితే నెల్లాళ్లు నడిపించండి. మధ్యలో ఆగకూడదు. నిమిషం కంటే ఎక్కువ తేడా రాకూడదు. వచ్చిందంటే మీ సామానంతా అటకెక్కిపోద్ది. గది నాది."

సరేనన్నాను గానీ లోపల భయం వేసింది. ఆ గది పోతే నేను మళ్లీ కొట్టుకీ ఇంటికీ మధ్య తిరిగే మనిషినైపోతాను. అంతకుమించి నాకంటూ ఏమీ ఉండదు.

లోలకం కర్రని ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఒకాయన చేత చేయించాను. కర్రకి చెమ్మ తగిలితే టైము మారుతుందని లక్క పూయమన్నాను. ఆయన చేతి అలవాటు కొద్దీ ఎర్ర గీతలూ పసుపు గీతలూ పెట్టి ఇచ్చాడు. ఇక బరువు. తాడుకి వేలాడే బరువు నెమ్మదిగా కిందికి దిగుతుంటేనే చక్రాలు తిరుగుతాయి. దానికి అయిదు కిలోలు కావాలి. నేను అయిదు కిలోల బెల్లం దిమ్మని గుడ్డసంచిలో కట్టి వేలాడదీశాను. అనకాపల్లిలో పుట్టిన గడియారం అనకాపల్లి బెల్లంతోనే నడవాలని నా పట్టుదల.

రోజూ పొద్దున్న ఆరింటికి ఫోను పక్కన పెట్టుకుని, ఎన్ని సెకన్ల తేడా ఉందో గోడమీద సుద్దముక్కతో రాసేవాడిని. వారం గడిచేసరికి నాలుగు సెకన్లు. ఇరవై రోజులకి పదకొండు. కొట్లో బేరాల మధ్య ఈల వేస్తుంటే, దిమ్మలు మోసే కలాసీలు నావైపు వింతగా చూసేవారు.

ఇరవై ఆరో రోజున చెరుకు రైతులతో మాట్లాడటానికి రోలుగుంట వెళ్లాను. వాన పట్టుకుంది. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగానే గడియారం చప్పుడు వినిపించింది. ప్రాణం లేచివచ్చింది. తీరా గదిలోకి వెళితే బెల్లం సంచి లేదు. దాని బదులు, దేవుడి గది తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టే పాత అయిదు కిలోల ఇనప తూకపు రాయి వేలాడుతోంది. గోడమీద నా అంకెల కింద ఆవిడ గుండ్రటి అక్షరాలు: "రాత్రి మూడూ ఇరవైకి ఆగిపోయింది. చీమలు. తొమ్మిదింటికి మళ్లీ నడిపించేను."

వానకి బెల్లం చెమ్మ పట్టి కారింది. చీమలు సంచికి చేరి, తాడు వెంట చక్రాల దాకా ఎక్కాయి. అవి పళ్ల మధ్య నలగడంతో, ఆ జిగురుకి చక్రం పట్టేసింది. వానాకాలంలో బెల్లం జాగ్రత్త అని ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెబుతున్నది నేనే.

"ఇంట్లో ఇనప రాయుండగా బెల్లం కట్టింది లోకంలో మీరొక్కరే," అంది వెనకనుంచి.

"ఎలా శుభ్రం చేసేవు?"

"పాత పళ్ల బ్రష్షుతో. ఒక్కో పన్నూ తుడిచేను. అరవయ్యీ ఉన్నాయి, లెక్కెట్టేను."

"నడపడం ఎవరు నేర్పేరు?"

"రెండేళ్ల నుంచీ గుమ్మంలోంచి చూత్తన్నాను కదా."

పందెం నెగ్గడానికి దాన్ని అలా వదిలేస్తే సరిపోయేది. మళ్లీ ఎందుకు నడిపించేవని అడిగాను.

"ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఎలాగో ఉంది," అంది. వెంటనే, "కానీ ఆగింది ఆగిందే. గది నాదే," అని కూడా అంది.

ఓడిపోయి అంత సంతోషపడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

సాయంత్రం లేతు బోల్టులు విప్పుతుంటే వచ్చి చేతిలో స్పానరు లాక్కుంది.

"కుట్టు మిషన్ కిటికీ దగ్గర పడతాది. దీన్ని ఉండనీండి. మీరు మాత్రం నన్ను అడిగి లోపలికి రండి."

ఇప్పుడు రెండో గడియారం మొదలుపెట్టాను. ఆకురాయి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "రావచ్చా?" అని అడుగుతాను. పొద్దున్నపూట వెంటనే జవాబు రాదు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని ఆవిడ గడియారం ముందు నిలబడి ఉంటుంది.

"ఉండండి," అంటుంది, నా వైపు తిరక్కుండానే. "ఆరు గంటలు అవనీండి."